విసిరేటప్పుడు ఒక్క మాట

జనవరి 8

చెల్లెమ్మకు,

ముందుగా నా చేతిరాత చూసి నవ్వకు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఊళ్ళో బడికి వెళ్ళింది కొద్ది రోజులే, ఆ తర్వాత బతుకంతా సర్కస్ డేరాలోనే గడిచిపోయింది కదా. పెన్ను కూడా సీసా పట్టుకున్నట్టు మెడ దగ్గర పట్టుకుంటున్నానని మీ వదిన అంటోంది.

నీ కార్డు అందింది. చదివి ఒళ్ళు మండింది. మన పాత కంపెనీ మార్చిలో మీ ఊళ్ళో డేరా వేస్తుందా? వేసుకోనీ. ఒక సాయంత్రం ఆటకు పాత ఆర్టిస్టులందర్నీ పిలుస్తున్నారా? పిలుచుకోనీ. మేనేజరు నిన్ను అడిగితే "అన్నయ్యా నేనూ వస్తాం, మునుపటిలాగే ఎదురెదురుగా నిలబడి సీసాలు విసురుకుంటాం" అని నా మాట కూడా నువ్వే ఇచ్చేశావా? నన్ను అడగొద్దూ?

నీకిది మొదటినుంచీ అలవాటే. ఆ రోజుల్లో నిప్పు కాగడాలు విసురుతామని మేనేజరుకు చెప్పొచ్చావు. ఆ సంగతి నాకు కాగడాలు వెలిగించాకే తెలిసింది.

మన చెక్క సీసాలు అటక మీద ఉన్నాయి. జనం గాజువనుకుని భయపడేవాళ్ళే, అవి. ఒకటి మాత్రం మీ వదిన కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. తీస్తే ఊరుకోదు.

రానని కాదు. అడగాల్సింది.

నీ అన్నయ్య


జనవరి 15

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

మీ ఇద్దరూ ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయలేదు. నా మీద విసుక్కోవడానికే కాగితమంతా సరిపోయింది నీకు. పోనీ ఫోను చేద్దామంటే నువ్వు ఊ అనవు, ఆ అనవు. అవతల ఉన్నావో, ఫోను బల్లమీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయావో తెలియదు. అందుకే ఈ రాత తిప్పలు.

నిన్ను అడిగితే ఏమంటావు? "చూద్దాం" అంటావు. నీ చూద్దాం తేలేలోపు కంపెనీ డేరా పీక్కుని ఇంకో ఊరు పోతుంది. అందుకే అడగలేదు. ఇంకోసారైనా అడగను.

ఇప్పుడు అసలు సంగతి. కంగారు పడకు. నా కుడి కంటికి శుక్లం వచ్చింది. ఆ కంటితో చూస్తే అంతా తడిసిన అద్దంలోంచి చూసినట్టుంటుంది. ఎడమ కన్ను బాగానే ఉంది. కానీ ఒక్క కంటితో ఎదురుగా వచ్చే వస్తువు దగ్గరుందో, దూరముందో తెలియడం లేదన్నయ్యా. మొన్న నీ మేనకోడలు తాళాలు విసిరితే ఎప్పటిలా చెయ్యి చాపాను. వచ్చి నుదుటికి తగిలాయి. ఆపరేషను మార్చి నెలాఖరుకు పెట్టారు. అది అయ్యాక ఇంక నా మొహం ముందుకు ఏ సీసా రావడానికి వీల్లేదని నీ మేనకోడలు ఇప్పటినుంచే చెబుతోంది. అందుకే నాకు ఈ ఆట కావాలి. ఇంకోటి ఉంటుందో ఉండదో.

దీనికి ఒకటే దారి. నువ్వు సీసా వదిలే క్షణంలో గట్టిగా "హప్" అనాలి. నువ్వు వదిలావని తెలిస్తే చాలు, ఎప్పుడు అందుకోవాలో నా చేతికి తెలుసు. ఇన్నేళ్ళూ నీ విసురు తప్ప ఇంకొకరి విసురు పట్టలేదు నేను. విసురుకో హప్. నిన్ను కొండలు పిండి కొట్టమనడం లేదు.

కిటికీకి పెట్టిన సీసా తీసెయ్యమని వదినకు నేను చెప్పానని చెప్పు.

నీ చెల్లెలు


జనవరి 22

చెల్లెమ్మకు,

కంటి సంగతి విని మీ వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. డాక్టరు ఇచ్చిన చుక్కలు మానకుండా వేసుకో.

నేను వస్తాను. నీ ఎదురుగా నిలబడతాను. విసురుతాను. కానీ అరవడం నా వల్ల కాదు.

నీకు తెలియనిదా ఇది? రింగులో మాటలన్నీ నీవే. నేను నిలబడి విసిరేవాణ్ణి. మూగవాణ్ణనుకుని జనం జాలిపడి చప్పట్లు ఇంకాస్త ఎక్కువ కొట్టేవాళ్ళు. కాదని నువ్వు ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పటికీ దుకాణానికి వెళితే వేలితో చూపిస్తాను, ఆయన ఏది ఇస్తే అది తెచ్చుకుంటాను. మొన్న సబ్బుకని వెళ్ళి కొవ్వొత్తులు తెచ్చాను.

ప్రయత్నం చేయలేదనుకోకు. పెరట్లో గోడకు ఎదురుగా నిలబడి విసురుతూ హప్ అన్నాను. మీ వదిన గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ఏం, పొలమారిందా?" అంది.

"కాదు. హప్ అన్నాను" అన్నాను.

"ఇన్నేళ్ళ కాపురంలో మీ గొంతు వినాలని చెవులు రిక్కించుకునే బతికాను. అది ఇప్పుడు డేరా నిండా జనానికి వినిపిస్తారా?" అని గ్లాసు ఒలికేలా నవ్వింది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

వేరే ఉపాయం ఆలోచించాను. సీసాలకు మువ్వలు కట్టాను. చప్పుడును బట్టి నీకు తెలిసిపోతుంది. పార్సిలు పంపుతున్నాను. చూసి రాయి.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 2

అన్నయ్యకు,

పార్సిలు అందింది. అందిందని నాకంటే ముందు వీధికంతా తెలిసింది. తెచ్చినాయన చెమటలు కక్కుతూ, "ఇందులో ఏముందమ్మా? దారి పొడుగునా మోగుతూనే ఉంది. ఐసుబండి అనుకుని పిల్లలంతా నా వెనక పడ్డారు" అని గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆయనకు టీ ఇచ్చి పంపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

మువ్వలు దేనికి కడతారు అన్నయ్యా? తప్పిపోయే దూడకు కడతారు. నేను దూడనా? నీ మేనకోడలు వాటిని చూసి, "చూశావా అమ్మా, నువ్వు పట్టలేవని మామయ్య కూడా అనుకుంటున్నాడు. ఆ మాట నోటితో అనలేక మువ్వలు కట్టి పంపాడు" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సరే, కోపం పక్కన పెట్టి ఎగరేసి చూశాను. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా ఇది? లావుగా ఉండే తల వైపు కట్టావు. బరువంతా అటే ఉండి సీసా తిరగాల్సినంత తిరగడం లేదు. పిడి రావలసిన చోటికి తల వచ్చి అరచేతిలో గుద్దుతోంది. పైగా ఆ మువ్వలు నీ చేతిలో ఉన్నా మోగుతాయి, గాలిలో ఉన్నా మోగుతాయి, కిందపడ్డా మోగుతాయి. నాకు కావలసింది నువ్వు వదిలే ఆ ఒక్క క్షణం.

ఇప్పుడు నువ్వు బ్యాండు మాస్టారు చేత డ్రమ్ము కొట్టిద్దామంటావు, నాకు తెలుసు. ముందే చెబుతున్నాను, వద్దు. ఆయన తన తాళానికి కొడతాడు కానీ నీ చేతికి కాదు.

ఒక్క హప్ అనడానికి ఇంత తప్పించుకు తిరుగుతావేం అన్నయ్యా? నాకు కోపం వచ్చిందని వదినకు చెప్పు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 9

చెల్లెమ్మకు,

దూడ అని నేననలేదు. మువ్వలు మంచి చప్పుడు చేస్తాయని కట్టాను. అమ్మాయి దాన్ని అటు లాగింది. అమ్మాయిది నీ పోలికే.

డ్రమ్ము సంగతే రాయబోతున్నాను. నువ్వే కొట్టేశావు.

ఈల అయితే? పళ్ళ మధ్య పెట్టుకుని వదిలేటప్పుడు ఊదుతాను. మాటతో పని లేదు.

అదీ కుదరకపోతే పక్కింటి టైలరు వస్తానంటున్నాడు. మంచి నోరున్న మనిషి. నా వెనక నిలబడి నా బదులు హప్ అంటాడు. నిన్న పెరట్లో వేసి చూశాం. నా చెయ్యి చూడవయ్యా అంటే ఆయన నా చొక్కా చూస్తున్నాడు.

"మాస్టారూ, ఈ భుజం కుట్టు ఎవరు వేశారండీ? పట్టేయడం లేదూ?"

"చెయ్యి చూడు."

"చూస్తున్నానండీ. రింగులోకి నాక్కూడా డ్రెస్సుంటుందా? జరీ బట్ట మిగిలింది, నేనే కుట్టేసుకుంటాను."

సీసా గోడకు తగిలి వెనక్కి వచ్చి నా కాళ్ళ దగ్గర పడ్డాక హప్ అన్నాడు. కొంచెం ఆలస్యం అవుతోంది. సర్దుకుంటాడులే.

ఇవేవీ వద్దంటే ఈసారికి మానేసి ఇంట్లో కూర్చో. ఆటకన్నా కన్ను ముఖ్యం.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 16

అన్నయ్యకు,

ఇంట్లో కూర్చోమన్నావు. చదివి కాగితం మడిచి దిండు కింద పెట్టేశాను. జవాబు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే నువ్వు ఈల పట్టుకుని దిగుతావని భయం వేసింది.

మతిపోయిందా నీకు? మన కంపెనీలో ఈల అంటే ఏమిటి? కుక్కల ఐటం. నువ్వు ఒక్కసారి ఊదావంటే తెర చించుకుని కుక్కలన్నీ రింగులోకి వస్తాయి. నువ్వు విసిరిన సీసా నాకెందుకు దొరుకుతుంది? ఏదో ఒక కుక్క దాన్ని నోట కరుచుకుని బిస్కెట్టు కోసం నీ ముందు కూర్చుంటుంది.

ఇక మీ టైలరుగారు. సీసా గోడకు తగిలాక హప్ అన్నాడు కదా, రేపు రింగులో ఆ గోడ నా మొహం.

కూర్చోమని చెప్పడం తేలిక. నేను ఇక్కడ చేసేదేమిటి, కూర్చోవడమేగా? అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకు వెళ్ళాక ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి మారతాను. నా చేతులు ఉన్నాయన్న సంగతి అంట్లు తోమేటప్పుడే గుర్తొస్తుంది. ఒక్కసారి ఆ దీపాల కింద నిలబడాలని, చెయ్యి చాపితే పిడి వచ్చి అరచేతిలో పడాలని ఉంది. ఆశపడ్డాను. అది తప్పా?

నీకు అంత కష్టమైతే బలవంతం లేదు. మేనేజరుతో మాట్లాడాను. "మీ అన్నయ్యగారికి కుదరకపోతే మన ఊయల ఐటం ఆవిడ విసురుతుందండీ. మైకు లేకుండానే ఆవిడ గొంతు డేరా చివరిదాకా వినబడుతుంది" అన్నారు. ఆవిడ కూడా సరేనంది. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి రాయి.

చెల్లెలు


ఫిబ్రవరి 23

చెల్లెమ్మకు,

ఆవిడతోనే చెయ్యి. మంచిది. గొంతున్న మనిషి.

ఆవిడ విసిరేటప్పుడు మోచెయ్యి పైకి లేపుతుందా? కనుక్కో. లేపితే సీసా ఒక చుట్టు ఎక్కువ తిరుగుతుంది. నీకు ఒక్క చుట్టే తిరిగి పిడి చేతికి రావాలి. ఊయల పట్టుకునేవాళ్ళకు భుజం బలం ఎక్కువ. గట్టిగా విసురుతారు. నీకు మెత్తగా రావాలి. ఆవిడకు చెప్పు.

నీకు ఛాతీ ఎత్తుకు వస్తే చాలదనీ చెప్పు. భుజం మీదికి రావాలి. నువ్వు నవ్వుతూ జనం వైపు తిరుగుతావు. ఆ సమయంలో రెండోది విసరకూడదు. నువ్వు తిరిగి చూసేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలంటే ఏం చెప్పను? అది రాస్తే వచ్చేది కాదు.

నువ్వు జారిపోయిన సీసాను కాలితో లేపుతావు. అప్పుడు ఆవిడ బిత్తరపోకూడదు.

ఇవన్నీ ఆవిడకు ఎవరు చెబుతారు?

నేనే వస్తున్నాను. ఆట రోజు పొద్దున్నే దిగుతాను. మీ వదినకు మోకాళ్ళు నొప్పి, రావడం లేదు. కిటికీ సీసా తీసి ఇచ్చింది. ఊయల ఆవిడను ఊయల ఊగమను.

హప్ మాత్రం అనలేను.

నీ అన్నయ్య


మార్చి 11

అన్నయ్యకు,

ఎక్కడికి పోయావు? ఆట ముగియగానే మనిషివి మాయం. తెర వెనక చూశాం, మేకప్ డేరాలో చూశాం, చివరికి అల్లుడు కుక్కల బోనుల దగ్గర కూడా వెతికాడు. ఇంటికి చేరావని వదిన అమ్మాయికి ఫోను చేసి చెప్పేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. చెప్పి పోతే నోటి ముత్యాలు రాలిపోతాయా?

అసలు పొద్దుటినుంచీ నన్ను ఏడిపించావు. ప్రాక్టీసులో నోరు తెరవనే లేదు. వేసిన ప్రతిదీ నా పక్కనుంచి పోతుంటే, మేనేజరు గడియారం చూసుకుంటూ, "ఊయల ఆవిణ్ణి పిలవమంటారా?" అని అడిగాడు. "సాయంత్రం అంటానులే" అని నేల చూపులు చూశావు. నేను నమ్మాను. నాకు బుద్ధి లేదు.

సాయంత్రం రింగులోకి వచ్చాం. దీపాలు పడ్డాయి. నువ్వు నోరు తెరిచావు, అది నాకు కనబడింది. చప్పుడు రాలేదు. సీసా నా చెవి పక్కనుంచి పోయి ఇసకలో పడింది. రెండోదీ అంతే. మూడోది వచ్చి భుజానికి కొట్టింది. జనంలో ఎవరో "అయ్యో పాపం, పెద్దావిడ" అన్నారు. ఆ పాపం అన్న మాట వినగానే ఇంక చాలు, మానేద్దామనుకున్నాను అన్నయ్యా. చేతులు దించేశాను.

అప్పుడు అరిచావు కదా! డేరా గుంజలు కదిలేలా అరిచావు.

"చేతులు దించావేమే? ఎత్తు!"

ఎత్తాను. పిడి వచ్చి చేతిలో పడింది.

"అటు కాదు! ఇటు!" అన్నావు. ఇంకోటి పడింది.

"పొద్దున్నే దిగానా! ఒక్క టీ ఇచ్చావా! ఇచ్చావులే! అందులో పంచదార ఉందా!"

ఒక్కో మాటకు ఒక్కో సీసా. ఒక్కటి కూడా కిందపడలేదు. నాకూ ఒళ్ళు మండింది. "నీకు షుగరుందని వదిన చెప్పింది!" అని నేనూ అరిచి తిరిగి విసిరాను.

"ఆవిడ చెబితే! నువ్వు! వినడమేనా!"

"మాట్లాడకుండా విసురు!"

"మాట్లాడమన్నదెవరే! పట్టు!"

జనం నవ్వు ఆపుకోలేక బెంచీల మీద దొర్లారు. బ్యాండువాళ్ళు వాయించడం మానేసి వింటున్నారు. నీ మేనకోడలు మొదటి వరసలో కూర్చుని నవ్వుతూ ఏడ్చింది. నేను జనం వైపు తిరిగాను, నువ్వు ఆగావు, తిరిగి చూసేసరికి "నవ్వింది చాలు!" అని వేశావు. అది కూడా పట్టాను.

ముగిశాక జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నేను ఎప్పటిలా కుడిచెయ్యి చాపి, నీ చెయ్యి పట్టుకుని వంగి దండం పెట్టాను. లేచి చూస్తే ఆ చెయ్యి జోకరుది! అందరూ మళ్ళీ నవ్వు. ఆ చప్పట్లన్నీ వాడు తీసుకున్నాడు. నువ్వెందుకు పారిపోయావు? నామీద కోపమా? నిజంగానే పంచదార కోసమా?

ఇంకో మాట. డాక్టరుకు ఈ కథంతా చెప్పాను. కన్ను మానాక ఆయన చూసి, అన్నీ సరిగా ఉంటే సీసాలు పట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. నీ మేనకోడలు పక్కనే ఉండి విన్నది, ఈసారి వీల్లేదనలేదు. వానలు వెళ్ళాక పక్క ఊళ్ళో వేసే డేరాకు కూడా రమ్మని మేనేజరు అడుగుతున్నాడు. నేను మాట ఇవ్వలేదు. నిన్ను అడిగి చెబుతానన్నాను.

అడుగుతున్నాను. వస్తావా?

నీ చెల్లెలు


మార్చి 18

చెల్లెమ్మకు,

కోపం లేదు. జనం నన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను. నోట్లోంచి ఏం వచ్చిందో నాకే సరిగ్గా తెలియదు. నువ్వు చేతులు దించేయడం చూశాను. ఆ తర్వాత అంతా అయిపోయింది. సిగ్గేసి తెర వెనక్కి, అక్కణ్ణుంచి బస్టాండుకు వెళ్ళిపోయాను. మేకప్ కూడా కడుక్కోలేదు.

బస్సులో ఒకాయన చాలాసేపు నా మొహం చూసి, "పంచదార మాస్టారు మీరేనా?" అన్నాడు. అవునన్నాను. గట్టిగా అన్నాననుకుంటా, డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మా ఇంటావిడ కూడా ఇంతే అని మొదలుపెట్టి దిగేదాకా చెప్పాడు. నేనూ కొంత చెప్పాను.

జోకరుకు చప్పట్లు పోయినందుకు మాత్రం బాధగా ఉంది.

ఇక్కడ మీ వదినతో పడలేకపోతున్నాను. నీ ఉత్తరం టైలరు చేత పైకి చదివించుకుంది. "పరాయివాళ్ళ ముందు అంత నోరు చేసుకున్నారే, ఇంట్లో నన్ను ఒక్కనాడైనా ఒక్క మాట అన్నారా?" అని పోరు పెడుతోంది. తిట్టలేదని తిడుతోంది. ఏం చెయ్యమంటావు?

ఆపరేషనుకు ముందురోజే ఇద్దరం వస్తున్నాం. మోకాళ్ళ మాట ఎత్తితే ఊరుకోదు. ఆసుపత్రిలో నీ పక్కన నేను ఉంటాను, అమ్మాయిని సెలవు పెట్టొద్దను.

వానలు వెళ్ళాక ఆటకు వస్తాను. ఈసారి నన్ను అడిగావు. అదే చాలు. మేనేజరుకు మాట ఇచ్చెయ్యి.

ఒకటే తేలడం లేదు. కన్ను బాగయ్యాక సీసా నీకు కనబడుతుంది. అప్పుడు నేను అరవాల్సిన పని ఉండదు కదా. మళ్ళీ మునుపటిలాగా ఊరుకోవాలా? లేకపోతే, కన్ను బాగున్నా, అలాగే కానివ్వనా? నాకేం పట్టుదల లేదు. ఎలా అంటే అలా. ఊరికే అడుగుతున్నాను.

దీనికి మాత్రం త్వరగా జవాబు రాయి.

నీ అన్నయ్య